పోలీసు పద్ధతి, సైనిక ప్రయోగం: రాబర్ట్ థాంప్సన్ గ్రంథంపై విమర్శనాత్మక పరిశీలన

తిరుగుబాటు నిరోధం మీద అసైన్‌మెంటు ఇచ్చినప్పుడల్లా, దిద్దేటప్పుడు ఒక వాక్యం నాకు తప్పకుండా ఎదురయ్యేది. "మలయాలో బ్రిటిష్‌వారు పోలీసు పద్ధతులు పాటించి గెలిచారు, వియత్నాంలో అమెరికన్లు సైనిక పద్ధతులు పాటించి ఓడిపోయారు." ఈ వాక్యం పూర్తిగా తప్పయితే ఎర్ర సిరాతో కొట్టేసి ముందుకు వెళ్లేవాణ్ణి. కాని ఇది సగం నిజం. సగం నిజమైన వాక్యానికి మార్కులు వేయడమూ కష్టమే, తీసేయడమూ కష్టమే. ఆ వాక్యం గైడు పుస్తకాల్లోకి ఎక్కడి నుంచి వచ్చిందని వెతుక్కుంటూ వెళితే, చాలావరకు ఒకే గ్రంథం దగ్గర ఆగుతాం. ఈ పాఠంలో ఆ గ్రంథాన్ని పరిశీలిద్దాం.

సర్ రాబర్ట్ థాంప్సన్ రాసిన 'డిఫీటింగ్ కమ్యూనిస్ట్ ఇన్సర్జెన్సీ' 1966లో లండన్‌లో వెలువడింది. థాంప్సన్ గదిలో కూర్చుని సిద్ధాంతం అల్లినవాడు కాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో చిండిట్ దళాలతో పనిచేశాడు. ఆ తరువాత మలయా సివిల్ సర్వీసులో ఉండి, అక్కడి కమ్యూనిస్టు తిరుగుబాటును అణచే యంత్రాంగంలో కింది మెట్టు నుంచి రక్షణ శాఖ కార్యదర్శి స్థాయి వరకు ఎదిగాడు. 1961 నుంచి 1965 వరకు సైగాన్‌లో బ్రిటిష్ సలహా బృందానికి అధిపతిగా ఉన్నాడు. అంటే ఒక గెలుపునూ, కళ్లముందే ముదురుతున్న ఒక ఓటమినీ చూసి రాసిన పుస్తకం ఇది. శైలి క్లుప్తం, వాదన సూటి. చదివితే ఒప్పించే గుణం దానికి ఉంది. విమర్శకు నిలబెట్టవలసింది కూడా ఆ గుణాన్నే.

పోలీసు పద్ధతి అంటే ఏమిటి?

పుస్తకంలోకి వెళ్లేముందు ఈ మాటను కాస్త విప్పుకోవాలి. తిరుగుబాటు ప్రాంతానికి వచ్చిన సైనికాధికారి మొదట అడిగే ప్రశ్న "శత్రువు ఎక్కడున్నాడు, ఎంతమంది ఉన్నారు?" అన్నది. అదే పని మీద వచ్చిన పోలీసు అధికారి అడిగేది "ఎవరు?" అన్నది. మన ఊళ్లో దొంగతనం జరిగితే ఎస్సై మూడు వందల ఇళ్లనూ చుట్టుముట్టడు. ఎవరి మీద అనుమానం ఉంది, అతను ఎవరితో తిరుగుతాడు, సొత్తు ఎవరికి అమ్ముతాడు, ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడు అని ఆరా తీస్తాడు. పేరు, ముఖం, వేలిముద్ర, బంధుత్వం, సాక్ష్యం: అతని పనిముట్లు ఇవి. సైన్యానికి మనిషి ఒక సంఖ్య. పోలీసుకు ఒక కేసు.

అయితే పోలీసు పద్ధతికి రెండో ముఖం కూడా ఉంది. పట్టుకున్నవాణ్ణి ఎప్పుడు, ఎక్కడ, ఏ నేరం మీద పట్టుకున్నారో రాయాలి. స్వాధీనం చేసుకున్న వస్తువుకు పంచనామా ఉండాలి. ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. చనిపోతే శవపరీక్ష, విచారణ జరగాలి. ఇదంతా పోలీసుకు విసుగు పుట్టించే భాగమే. కాని అతన్ని పోలీసుగా నిలబెట్టేది ఇదే. మొదటి ముఖాన్ని పనితనం అందాం, రెండో దాన్ని జవాబుదారీ అందాం. సైన్యం పోలీసు పద్ధతిని అరువు తెచ్చుకున్నప్పుడు ఈ రెండూ కలిసి వస్తాయా అన్నది నా ప్రశ్న. థాంప్సన్ వస్తాయనే నమ్మాడు. మలయాలో వచ్చాయనే రాశాడు.

మలయా: గాలింపుల నుంచి పేర్ల జాబితాలకు

1948 జూన్ 16న పెరాక్ రాష్ట్రంలోని సుంగై సిపుట్ దగ్గర ముగ్గురు యూరోపియన్ తోటల యజమాన్యాధికారులను కమ్యూనిస్టు గెరిల్లాలు కాల్చి చంపారు. రెండు రోజుల్లో మలయా అంతటా 'ఎమర్జెన్సీ' ప్రకటించారు. గెరిల్లాల్లో చాలామంది జపాన్ ఆక్రమణ కాలంలో బ్రిటిష్ ఆయుధాలతోనే పోరాడినవాళ్లు. వారి నాయకుడు చిన్ పెంగ్‌కు యుద్ధం తరువాత బ్రిటిష్ ప్రభుత్వమే పతకం ఇచ్చి, తరువాత వెనక్కి తీసుకుంది.

మొదటి రెండేళ్లు సైన్యం తనకు తెలిసిన పనే చేసింది. పెద్ద పెద్ద పటాలాలు అడవిని జల్లెడ పట్టేవి. గెరిల్లాలు ఆ అలికిడి విని పక్కకు తప్పుకునేవారు. తిరిగి వచ్చేటప్పుడు కోపంలో ఉన్న సైనికులకు ఎదురయ్యేది అడవి అంచున గుడిసెలు వేసుకుని కూరగాయలు పండించుకునే చైనీయులు. వీరి సంఖ్య దాదాపు ఐదు లక్షలు. భూమి పట్టా లేదు, పౌరసత్వం లేదు. గెరిల్లాకు బియ్యం ఇచ్చేది వీరే, కబురు చేరవేసేదీ వీరే. కొందరు నమ్మకంతో, కొందరు బంధుత్వంతో, చాలామంది భయంతో. పోలీసు బలగం పదివేల లోపే ఉంది. అందులో చైనీస్ భాష తెలిసినవారు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత తక్కువ. ఎవరు అన్న ప్రశ్న అడగడానికే భాష లేని పోలీసు అది.

ఇక్కడ ఒక విషయం విద్యార్థులు సాధారణంగా వదిలేస్తారు. తొలి రోజుల్లో మలయాకు వచ్చిన పోలీసు కమిషనర్ నికోల్ గ్రే పాలస్తీనా పోలీసుకు అధిపతిగా చేసినవాడు. ఆయన వెంట పాలస్తీనా నుంచి వందలాది మంది వచ్చారు. అది తుపాకీ పట్టి, బ్యారక్‌లలో ఉండి, సాయుధ వాహనాల్లో తిరిగే పోలీసు. 1857 తరువాత మన దేశంలో 1861 పోలీసు చట్టంతో ఏర్పడిన పోలీసు కూడా ఐర్లండ్ సాయుధ కాన్‌స్టాబ్యులరీ ఛాయల్లో పెరిగినదే. కాబట్టి 'పోలీసు' అన్న మాట వినగానే లండన్ వీధిలో టోపీ పెట్టుకుని నడిచే బీట్ కానిస్టేబుల్‌ను ఊహించుకోవద్దు. వలస పాలనలో పోలీసు, సైన్యం మధ్య గీత మొదటి నుంచీ పలచనే.

1950 ఏప్రిల్‌లో లెఫ్టినెంట్ జనరల్ హెరాల్డ్ బ్రిగ్స్ ఆపరేషన్స్ డైరెక్టర్‌గా వచ్చాడు. ఈయన పూర్వం భారత సైన్యంలో పనిచేసినవాడే. బ్రిగ్స్ పథకంలో రెండు అంశాలు కీలకం. ఒకటి, అడవి అంచున ఉన్నవారిని కంచె వేసిన 'కొత్త గ్రామాల'కు తరలించడం. తెల్లవారుజామున సైన్యం గుడిసెలను చుట్టుముట్టేది. సామాను లారీల్లోకి ఎక్కించేవారు, ఖాళీ అయిన గుడిసెలకు నిప్పు పెట్టేవారు. అలా ఏర్పడ్డ గ్రామాలు దాదాపు 480. రబ్బరు ఎస్టేట్ల కూలీ లైన్లను కూడా ఒకచోటికి చేర్చి కంచె వేశారు. ఆ లైన్లలో తమిళులతో పాటు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. రెండవది, జిల్లా స్థాయి నుంచి పైదాకా ప్రతి చోటా పౌరాధికారి, పోలీసు అధికారి, సైనికాధికారి ఒకే బల్ల చుట్టూ కూర్చునే కమిటీలు. అధ్యక్షత పౌరాధికారిది. సైన్యం ఆ బల్ల దగ్గర ఒక సభ్యురాలు మాత్రమే. థాంప్సన్ గ్రంథంలోని అత్యంత విలువైన అంశం ఇదేనని నా అభిప్రాయం. తుపాకీ ఎక్కువ ఉన్నవాడికి కాక, ఫైలు ఉన్నవాడికి మొదటి కుర్చీ ఇచ్చిన ఏర్పాటు అది.

1951 అక్టోబరు 6న హైకమిషనర్ సర్ హెన్రీ గర్నీ ఫ్రేజర్స్ హిల్ దారిలో మాటుదాడిలో మరణించాడు. 1952 ఫిబ్రవరిలో జనరల్ టెంప్లర్ వచ్చి పౌర, సైనిక అధికారాలు రెండూ చేపట్టాడు. ఆయనతో పాటు సిటీ ఆఫ్ లండన్ పోలీసు కమిషనర్ ఆర్థర్ యంగ్ మలయా పోలీసు బాధ్యత తీసుకున్నాడు. అప్పటికి పోలీసు, ప్రత్యేక కానిస్టేబుళ్లతో కలిపి, అరవై వేలు దాటి ఉబ్బింది. యంగ్ ఆ ఉబ్బును తగ్గించి, శిక్షణ ఇచ్చి, 'ఆపరేషన్ సర్వీస్' పేరుతో ప్రజలకు మేలు చేసే పోలీసు అన్న ముద్ర వేయడానికి ప్రయత్నించాడు. స్పెషల్ బ్రాంచ్‌ను నేర పరిశోధన విభాగం నుంచి విడదీసి, తిరుగుబాటు సమాచారమంతా దాని గుండానే పోయేలా చేశారు.

స్పెషల్ బ్రాంచ్ పనితీరు చూస్తే పోలీసు పద్ధతి బలం అర్థమవుతుంది. బియ్యం మోసే కొరియర్‌ను గుర్తిస్తే వెంటనే పట్టుకోరు. కొన్నాళ్లు గమనించి, తమవైపు తిప్పుకుంటారు. అడవిలో దొరికిన సన్నని కాగితపు చుట్టల ఉత్తరాల నుంచి ఎవరు ఎవరికి రాశారో, ఏ దళంలో ఎవరున్నారో పేర్లతో సహా పట్టిక తయారు చేస్తారు. లొంగిపోయిన గెరిల్లా తన పాత శిబిరానికి దారి చూపుతాడు. సైన్యం పాత్ర చివర్లో వస్తుంది: ఫలానా రాత్రి ఫలానా కాలిబాట పక్కన పదిమంది మాటు వేయాలి. పటాలాల గాలింపు చేయలేని పనిని ఆ పదిమంది చేసేవారు. గెరిల్లాల సంఖ్య అత్యధికంగా ఉన్న రోజుల్లో కూడా ఎనిమిది వేలకు మించలేదు కాబట్టి, పేరు పేరునా లెక్క తేల్చడం సాధ్యమైంది.

ఆహార నియంత్రణ దీనికి తోడు. బియ్యం రేషను మీదే. గ్రామం గేటు దగ్గర రబ్బరు పాలు గీయడానికి వెళ్లే ప్రతి మనిషినీ తడిమి చూసేవారు. డబ్బా ఆహారం అమ్మేటప్పుడే దానికి కన్నం పొడిచి ఇవ్వాలి, నిల్వ ఉండకుండా. తరువాతి సంవత్సరాల్లో కొన్ని చోట్ల బియ్యం ఇవ్వడమే మానేసి, అందరికీ ఒకే చోట వండిన అన్నం ఇచ్చారు. వేడి దేశంలో వండిన అన్నం పూట దాటితే పాచిపోతుందని తెలుసుకుని చేసిన పని అది. ఈ పథకం రాసినవాడెవడో గాని, వంటింటి సంగతి బాగా తెలిసినవాడు. ఆ గేట్ల దగ్గర ఆడవారిని సోదా చేసిన తీరు మీద ఎంత ఆగ్రహం రేగిందంటే, 1956లో సెమెనియి గ్రామ విషయంలో ప్రభుత్వం అధికారిక విచారణ జరపవలసి వచ్చింది.

ఇక్కడ ఆగి ఒక సంఘటనను గమనించండి. 1952 మార్చిలో తాంజోంగ్ మలిమ్ పట్టణం దగ్గర నీటి గొట్టం బాగుచేయడానికి వెళ్లిన బృందం మీద దాడి జరిగి పన్నెండు మంది చనిపోయారు. టెంప్లర్ స్వయంగా వచ్చి, రోజుకు ఇరవై రెండు గంటల కర్ఫ్యూ పెట్టి, బియ్యం రేషను తగ్గించాడు. ఇంటింటికీ ఒక ప్రశ్నపత్రం పంచారు. తెలిసినవారి పేర్లు రాసి, సంతకం లేకుండా, మూసిన పెట్టెల్లో వేయాలి. ఆ పెట్టెలను పట్టణ ప్రతినిధుల ఎదుట కౌలాలంపూర్‌లో తెరిచారు. అరెస్టులు జరిగాయి, సుమారు రెండు వారాలకు కర్ఫ్యూ ఎత్తేశారు. ఇందులో ఆకాశరామన్న ఉత్తరం పోలీసు పనిముట్టు. అందరి తిండీ కోసేయడం మాత్రం దండయాత్ర చేసే సైన్యం పనిముట్టు. గైడు పుస్తకంలో ఇది 'పోలీసు పద్ధతి విజయం'గా కనిపిస్తుంది. పేరు రాయని ఇంటివాడు కూడా ఆకలితోనే ఉన్నాడని ఆ వాక్యంలో కనిపించదు.

చట్టం అన్న మాట ఎంత దూరం సాగుతుంది?

థాంప్సన్ ఐదు సూత్రాలు చెబుతాడు. ప్రభుత్వానికి స్పష్టమైన రాజకీయ లక్ష్యం ఉండాలి. అది చట్టబద్ధంగా నడవాలి. సమగ్ర ప్రణాళిక ఉండాలి. గెరిల్లాలకన్నా వారి వెనుక ఉన్న రాజకీయ నిర్మాణాన్ని ఛేదించడానికి ప్రాధాన్యం ఇవ్వాలి. ముందుగా తన స్థావర ప్రాంతాలను భద్రం చేసుకోవాలి. వీటిలో మూడు, నాలుగు, ఐదు సూత్రాల మీద పెద్దగా తగాదా లేదు. రెండవ సూత్రమే ఈ పుస్తకానికి నైతిక బలం. చట్టం తప్పిన ప్రభుత్వానికి, తిరుగుబాటుదారుకు మధ్య తేడా చెరిగిపోతుందని అతని వాదన. ఎంత కఠినమైన చట్టమైనా చేసుకోవచ్చు, కాని అది అందరికీ ఒకేలా వర్తించాలి, ప్రభుత్వం తాను చేసిన చట్టానికి తాను కట్టుబడాలి అంటాడు.

మంచి మాటే. కాని మలయా చట్టాలు చూడండి. అనుమతి లేకుండా ఆయుధం దగ్గరుంటే ఉరి. 17డి నిబంధన కింద ఒక గ్రామం గ్రామాన్నే నిర్బంధించి, చైనాకు పంపేయవచ్చు. విచారణ లేకుండా నిర్బంధం సరేసరి. అఖిల మలయా కార్మిక సంఘాల సమాఖ్య నాయకుడు ఎస్.ఎ. గణపతిని ఒక రివాల్వర్ దగ్గర ఉందన్న నేరం మీద 1949 మే 4న ఉరి తీశారు. దొరికిన ఆయుధాన్ని పోలీసులకు అప్పగించడానికే తీసుకెళ్తున్నానని ఆయన చెప్పుకున్నాడు. భారత ప్రభుత్వం అభ్యర్థించినా శిక్ష ఆగలేదు. ఇది కోర్టులో నడిచిన కేసు, జడ్జి ఇచ్చిన శిక్ష. థాంప్సన్ కొలబద్దతో కొలిస్తే తప్పు పట్టలేము. తప్పు కొలబద్దలోనే ఉంది.

అంతకన్నా ఇబ్బందికరమైనది బతాంగ్ కాలి. 1948 డిసెంబరులో సెలంగోర్ రాష్ట్రంలోని ఆ రబ్బరు తోటలో స్కాట్స్ గార్డ్స్ దళం నిరాయుధులైన 24 మందిని కాల్చి చంపింది. పారిపోతుంటే కాల్చామన్నారు. 1949 జనవరిలో 27ఎ అనే కొత్త నిబంధన వచ్చింది. పారిపోయేవారి మీద ప్రాణాంతక బలప్రయోగానికి అది అనుమతి ఇస్తుంది. అంతేకాదు, ఆ నిబంధన రాకముందు చేసిన పనులకు కూడా అది వర్తిస్తుందని అందులోనే రాశారు. అంటే డిసెంబరులో జరిగిన పనికి జనవరిలో చట్టం పుట్టింది. 1970లో అప్పటి సైనికుల్లో కొందరు ముందుకొచ్చి జరిగింది వేరని చెప్పినా, లండన్‌లో మొదలైన పోలీసు దర్యాప్తు ప్రభుత్వం మారగానే ఆగిపోయింది. మృతుల కుటుంబాలు కోర్టుకెళ్తే 2015లో బ్రిటన్ సుప్రీం కోర్టు కూడా బహిరంగ విచారణకు ప్రభుత్వాన్ని బలవంతపెట్టలేమని చెప్పింది. ప్రభుత్వం తన చట్టానికి తాను కట్టుబడాలి అన్న సూత్రం సరే. చట్టం తేదీని కూడా ప్రభుత్వమే వెనక్కి జరపగలిగితే, కట్టుబడడమన్నదానికి అర్థం ఏముంటుంది?

గుర్తింపు విషయంలోనూ ఇదే కథ. చచ్చిపోయిన గెరిల్లా ఎవరో తెలుసుకోవడం స్పెషల్ బ్రాంచ్‌కు అవసరం. వేలిముద్ర తీసుకోవాలి, ఫొటో తీయాలి. పోలీసు దృష్టిలో అది మామూలు పని. కాని దట్టమైన అడవిలోంచి శవాన్ని మోసుకురావడం కష్టమని, కొన్ని దళాలు తలలు నరికి తెచ్చాయి. 1952లో 'డైలీ వర్కర్' పత్రిక ఒక సైనికుడు తలలు పట్టుకున్న ఫొటో అచ్చువేస్తే, అది నిజమైన ఫొటోయేనని బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోవలసి వచ్చింది. పోలీసు అడిగిన ప్రశ్న "ఇతను ఎవరు?" అన్నదే. సైన్యం ఇచ్చిన సమాధానం అది. పనితనం జవాబుదారీని విడిచి ప్రయాణం చేస్తే ఎలా ఉంటుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఇంత చెప్పినా మలయాలో తిరుగుబాటు ఓడిపోయిన మాట నిజమే. కారణాలు తూచి చూడాలి. కొరియా యుద్ధంతో రబ్బరు, తగరం ధరలు పెరిగి ఖజానా నిండింది. గెరిల్లాల్లో అత్యధికులు ఒకే జాతివారు కావడంతో మలయ్ జనాభా వారి వెంట నడవలేదు. చైనీయులకు పౌరసత్వం దక్కే దారి తెరుచుకుంది, 1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యం వచ్చింది. పోరాడవలసిన వలసరాజ్యమే లేకుండా పోయింది. 1960 జూలై 31న ఎమర్జెన్సీ ఎత్తేశారు. అధికారిక లెక్కల ప్రకారం అప్పటికి 6,700 మందికి పైగా గెరిల్లాలు, 2,400 మందికి పైగా పౌరులు చనిపోయారు. ప్రభుత్వ పక్షాన మలయా పోలీసులు, స్థానిక బలగాలు కలిపి 1,300 మందికి పైగా చనిపోగా, బ్రిటిష్, కామన్వెల్త్ సైనికులు 500 మందికి పైగా. పోలీసే ముందున్నాడన్నదానికి ఈ చావుల లెక్కే సాక్ష్యం. ఆ మేరకు థాంప్సన్ చెప్పింది నిజం.

అల్జీర్స్, సైగాన్

మలయాలో పోలీసు ముందు నడిచాడు, సైన్యం వెనుక నడిచింది. దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ అల్జీర్స్. 1957 జనవరి 7న ఆ నగరంలో పోలీసు అధికారాలన్నీ జనరల్ మసూ నాయకత్వంలోని పదవ పారాచూట్ డివిజన్‌కు అప్పగించారు. కల్నల్ రోజర్ ట్రాంకియే నగరాన్ని విభాగాలుగా, పేటలుగా, ఇళ్లుగా విడగొట్టి, ఇంటికొక నంబరు వేసి, ఏ ఇంట్లో ఎవరున్నారో చెప్పడానికి ఒక్కొక్క చోట ఒకరిని బాధ్యుణ్ణి చేశాడు. పనితనం పరంగా చూస్తే స్పెషల్ బ్రాంచ్‌కు తీసిపోదు. కొన్ని నెలల్లో నగరంలోని తిరుగుబాటు యంత్రాంగం కుప్పకూలింది. సమాచారం రాబట్టింది మాత్రం చిత్రహింసలతో. నాయకుడు లర్బీ బెన్ మిహిదీ ఆత్మహత్య చేసుకున్నాడని ప్రకటించారు. తామే చంపామని నాలుగు దశాబ్దాల తరువాత జనరల్ ఒస్సారెస్ రాసుకున్నాడు.

ఆ నగరంలో పోలీసు వ్యవహారాలు చూసే పౌరాధికారి పాల్ తెత్‌జన్. రెండవ ప్రపంచ యుద్ధంలో నాజీల చేతిలో చిత్రహింసలు అనుభవించి, డాఖౌ శిబిరం చూసి బతికి వచ్చినవాడు. నిర్బంధితుల ఒంటి మీద తనకు తెలిసిన గాయాలే కనిపించాయని చెబుతూ రాజీనామా లేఖ ఇచ్చాడు. నిర్బంధ ఉత్తర్వు ప్రతిదాని మీద సంతకం తనదే కావాలని పట్టుబట్టిన మనిషి కాబట్టి, సంతకాలనూ, ఇంకా కనిపిస్తున్న మనుషులనూ పోల్చి చూడగలిగాడు. 3,024 మంది లెక్క తేలలేదు. ఆ అంకె మీద చరిత్రకారులు వాదించుకుంటారు. నేను చెప్పదలచుకున్నది వేరే సంగతి. ఆ అంకె అసలు ఉండడానికి కారణం ఒక కాగితం. నేను జవాబుదారీ అన్నది ఈ కాగితాన్నే. తిరుగుబాటును అణచడానికి అది ఏమీ ఉపయోగపడలేదు. అణచినవారు ఏం చేశారో తెలియడానికి అదొక్కటే ఉపయోగపడింది. థాంప్సన్ గ్రంథంలో చట్టం ప్రభుత్వానికి ఒక ఆయుధంగా, ప్రజల మద్దతు సంపాదించే మార్గంగా కనిపిస్తుంది. ప్రభుత్వాన్ని ప్రశ్నించే పనిముట్టుగా అది ఆ పుస్తకంలో కనిపించదు.

వియత్నాం సంగతి మీకు ఇదివరకటి పాఠంలో వచ్చింది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మలయా కొత్త గ్రామాల నమూనాను 1962లో దక్షిణ వియత్నాంలో 'వ్యూహాత్మక గ్రామాలు'గా దించారు. మలయాలో ఏళ్ల తరబడి పట్టిన పనిని రెండేళ్లలో వేల గ్రామాల్లో పూర్తిచేశామని అధ్యక్షుడు దియెమ్ ప్రభుత్వం ప్రకటించింది. ఆ తొందరపాటును థాంప్సన్ స్వయంగా విమర్శించాడు, అది అతని నిజాయితీ. తరువాత 1967లో రూపుదిద్దుకున్న ఫీనిక్స్ పథకం నిజానికి అతని నాలుగో సూత్రానికి పుట్టిన బిడ్డే. గ్రామాల్లో దాగిన రాజకీయ కార్యకర్తలను పేరు పేరునా గుర్తించి తొలగించాలి. పట్టికలు వచ్చాయి, ఇన్ఫార్మర్లు వచ్చారు, కార్డులు వచ్చాయి. దానితో పాటు జిల్లాకు నెలవారీ లక్ష్యాలు కూడా వచ్చాయి. కోటా నింపవలసిన అధికారికి పగవాడి పేరు రాసిచ్చే పొరుగువాడు ఎప్పుడూ దొరుకుతాడు. పట్టుబడినవారిని కోర్టుకు పంపకుండా ప్రాంతీయ భద్రతా కమిటీయే రెండేళ్ల దాకా జైల్లో పెట్టేది. ఈ పథకంలో 20,587 మంది చనిపోయారని 1971లో విలియం కోల్బీ అమెరికన్ కాంగ్రెస్ ముందు చెప్పాడు. అంతమంది ఎవరెవరో ఒక్కొక్కరి గురించి ఏ కోర్టు రికార్డూ లేదు. అక్కడ పోలీసు పద్ధతి లోపించిందనడం పొరపాటు. సగం ఉంది, సగమే ఉంది.

మన ప్రాంతంలో ఈ మాట

మలయాలో యుద్ధానికి 'ఎమర్జెన్సీ' అని పేరు పెట్టిన మూడు నెలలకే, 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. ట్యాంకులు, విమానాలు పాల్గొన్న ఆ చర్యను మన పెద్దలు ఈనాటికీ 'పోలీసు యాక్షన్' అనే అంటారు. ఇది దేశాల మధ్య యుద్ధం కాదు, లోపలి శాంతిభద్రతల సమస్య అని ప్రపంచానికి చెప్పడానికి ఆ పేరు పనికొచ్చింది. నిజాం లొంగిపోయాక జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక గవర్నర్‌గా ఉండగా, ఆ సైన్యమే తెలంగాణ పల్లెల్లో, గోదావరి అడవుల్లో కమ్యూనిస్టు దళాల వెంట పడింది. 1951 అక్టోబరులో పార్టీ పోరాటం విరమించే వరకు అది సాగింది. కోయ గూడేలను ఖాళీ చేయించి శిబిరాల్లో చేర్చిన తీరును పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట గ్రంథంలో బ్రిగ్స్ పథకం పేరుతోనే ప్రస్తావించారు. మలయా నమూనా అంత త్వరగా మన దాకా వచ్చింది. ఆయన పోరాటంలో ఒక పక్షం నాయకుడన్నది గుర్తుంచుకుని చదవండి, అలాగని పక్కన పెట్టేయవద్దు. థాంప్సన్ మాత్రం పక్షం లేనివాడా?

తరువాతి దశాబ్దాల్లో మన దగ్గర ప్రవాహం దిశ తిరగబడింది. 1989లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన గ్రేహౌండ్స్ పోలీసు బలగమే, కాని దానికి ఇచ్చిన శిక్షణ అడవి యుద్ధంలో కమాండోలకు ఇచ్చేది. సైన్యం పోలీసు పని నేర్చుకోవడం కాదిక్కడ, పోలీసు సైన్యం పని నేర్చుకోవడం. అయినా ప్రశ్న అదే. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన యువకులకు ప్రత్యేక పోలీసు అధికారులని పేరుపెట్టి తుపాకులిచ్చిన ఏర్పాటును సుప్రీం కోర్టు 2011 జూలై 5న రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఎన్‌కౌంటర్ మరణాల విషయంలో 2014 సెప్టెంబరులో అదే కోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి: ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, సీఐడీ లేదా వేరే స్టేషన్ పోలీసులు దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి. ఇందులో ఒక్కటి కూడా కొత్త సంగతి కాదు. ఊళ్లో కొట్లాటలో మనిషి చనిపోతే ఏ స్టేషన్‌లోనైనా మామూలుగా చేయవలసినవే. దేశపు అత్యున్నత న్యాయస్థానం వాటిని మళ్లీ కాగితం మీద రాయవలసి వచ్చింది.

మీ అధ్యయన కేంద్రం గ్రంథాలయంలో థాంప్సన్ పుస్తకం దొరికితే, మొత్తం చదవలేకపోయినా సూత్రాలు చెప్పిన అధ్యాయం చదవండి. 'చట్టం' అన్న మాట వచ్చిన ప్రతిచోటా పక్కన పెన్సిల్‌తో రెండు తేదీలు రాసుకోండి: 1948 డిసెంబరు, 1949 జనవరి. ఈ పాఠం మీద అసైన్‌మెంటులో మలయా గురించి రాసేటప్పుడు, "పోలీసు పద్ధతి" అన్న మాట వాడితే, పైన చెప్పిన రెండింటిలో ఏది అని మీ ఉద్దేశమో ఒక వాక్యంలో చెప్పండి. ఆ ఒక్క వాక్యానికి నేనైతే మార్కులు వేసేవాణ్ణి.